తొమ్మిదివందల మెట్టు దగ్గర రెండు ఖాళీ చుక్కలు

203వ రోజు

గాలి వడపోత గుడ్డలు ఈ వారం మరీ ఎర్రగా వచ్చాయి. పైన నేలమీద ధూళి పెరిగినట్టుంది. ఇరవై నాలుగు గుడ్డలు ఉతికాను. రెండు చిరిగితే కుట్టాను. చేతివేళ్ళకు ఎరుపు ఇంకా పోలేదు.

తొమ్మిదివందల మెట్టు దగ్గర తవ్విన కొత్త వరసలోకి ఈ రోజు పధ్నాలుగు కుటుంబాలు దిగాయి. ఇన్నాళ్ళూ అక్కడ వెడల్పాటి అరుగు మాత్రమే ఉండేది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు కాసేపు కూర్చుని ఊపిరి పీల్చుకునేవారు. ఆ అరుగు చుట్టూ గోడ తొలిచి ఇళ్ళు చేశారు. ఇరుకు గదులు. ఇద్దరు పడుకుంటే మూడో మనిషికి చోటుండదు. అయినా వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. కొందరు నాలుగేళ్ళుగా ఇంటికోసం ఎదురుచూస్తున్నవాళ్ళే.

గాలి గదిలో, ఏ ఇంటికెంత గాలి వెళ్తోందో చూపించే పలక మీద కొత్త వరస అంకె కనిపించలేదు. అంకె ఉండాల్సిన చోట చిన్న గీత ఉంది. మీటరు ఇంకా తగిలించలేదు కాబోలు.

పంకాలు రెండూ నడుస్తున్నాయి. సంతకం: పైడిరాజు, గాలి గది.

209వ రోజు

ఎండ వేళ ఇళ్ళ తలుపులన్నీ బిగించే మూత పదకొండుకు వేశాం, అయిదుకు తీశాం. మెట్లదారిలో వేడి యాభై ఒకటి. తలుపుల చుట్టూ ఉన్ని పట్టీలు సరిగ్గా బిగించుకోవాలని మళ్ళీ చాటింపు వేయించాను. మెట్లదారి పైనుంచి దిగే వేడిగాలి ఇంట్లోకి జొరబడితే ముసలివాళ్ళు తట్టుకోలేరు. ఆ ఆరుగంటలూ ఎవరింటికైనా గొట్టంలోంచి వచ్చే గాలే దిక్కు.

మూత వేళ నా దగ్గర ఆల్జీబ్రా చదువుకోడానికి ముగ్గురు పదకొండుకు ముందే వస్తున్నారు. గొట్టాలు తుడిచే పనివాళ్ళు. గ్రాఫుల పరీక్ష ప్యాసైతే గాలి గదిలో పని ఇస్తారు. ముగ్గురిలో నూకాలు పెద్దది, యాభై రెండేళ్ళు. పెన్సిలు పట్టుకోవడం కొత్త. కానీ ఒకసారి అంకె వేసిందంటే చెరపడం ఉండదు, ముందే మూడుసార్లు చూసుకుంటుంది. కొత్త వరసలో ఆమెకూ ఇల్లొచ్చింది.

"ఇల్లెలా ఉంది నూకాలూ?" అన్నాను.

"బాగుందండి మాస్టారూ. మా సన్నిబాబుకైతే మరీ నచ్చీసింది. మూతేసినకాడి నుంచి తీసేదాకా ఒకటే నిద్దర. లేపితే గానీ లెగడు. లేచినాక తలపోటని గోల."

సన్నిబాబు ఆమె భర్త, తవ్వకం పని. రాత్రి పాళీ చేసొచ్చిన మనిషి పగలు నిద్రపోక ఏం చేస్తాడు అన్నాను. ఆమె నవ్వింది.

పలకలో తొమ్మిదివందల దగ్గర ఇంకా గీతే. మీటర్ల వాళ్ళకు చీటీ పంపాలి.

214వ రోజు

వీరన్న అనే పెద్దాయన కొత్త వరస నుంచి ఎక్కి వచ్చాడు. అయిదువందల యాభై మెట్లు. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడి చాలాసేపు రొప్పాడు. ఒకప్పుడు ఈ మెట్లు తొలిచినవాళ్ళలో అతనొకడు.

"మా ఇంట్లో గాలి నేదు బాబూ."

పలక చూపించి, పంకాలు రెండూ బాగానే తిరుగుతున్నాయన్నాను. కొత్త గోడలకు సున్నం వేశారు కదా, ఆ ఘాటుకు అలా అనిపిస్తుందన్నాను. పది రోజుల్లో తగ్గిపోతుందని కూడా చెప్పాను.

"సున్నం వాసన నాకు తెల్దేటి బాబూ," అన్నాడు.  నీళ్ళు తాగి దిగిపోయాడు.

పుస్తకంలో రాశాను: 900, ఫిర్యాదు, కొత్త సున్నం వాసన, చర్య అవసరం లేదు.

221వ రోజు

కొత్త వరసలో వీరన్న చనిపోయాడు. మూత తీశాక భార్య మరిడమ్మ లేపితే లేవలేదట. డెబ్భై ఒక్కేళ్ళు. వైద్యురాలు గుండె అని రాసింది. నేను వెళ్ళి దండం పెట్టి వచ్చాను. మరిడమ్మ నా వైపు చూడలేదు. దుఃఖంలో ఉంది కదా అనుకున్నాను.

వడపోత గుడ్డలు పద్దెనిమిది ఉతికాను.

226వ రోజు, సాయంత్రం

ఇది రాయడానికి రెండుసార్లు కూర్చుని లేచాను.  జరిగింది జరిగినట్టు, వరసలో రాస్తాను.

ఈ రోజు పాఠం ముక్కల ప్రమేయం. అంటే ఒకే సూత్రం అంతటా పనిచేయదు. x ఎక్కడుందో చూసి, అక్కడికి ఏ ముక్క వర్తిస్తుందో ఆ ముక్కతో లెక్క వేయాలి. పుస్తకాల్లో ఉదాహరణలు వెతకడమెందుకు, మన గాలి సూత్రమే ఉంది కదా అనుకున్నాను. x అంటే మెట్టు నంబరు. y అంటే ఆ మెట్టు దగ్గరి ఇంటికి దక్కే గాలి పాలు. గాలి పంచే మరలో ఉన్న సూత్రాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీదికి ముద్రించి ముగ్గురికీ ఇచ్చాను.

మెట్టు 400 కంటే తక్కువైతే: 20 పాళ్ళు.
మెట్టు 400 గానీ, 400 దాటి 900 లోపు గానీ అయితే: 20 మీద, నాలుగువందలు దాటిన ప్రతి యాభై మెట్లకూ ఒక పాలు ఎక్కువ.
మెట్టు 900 కంటే ఎక్కువైతే: 45 పాళ్ళు. అక్కడ రెండో పంకా కలుస్తుంది.

ముందు అడ్డంగా గీత గీయమన్నాను. నాలుగువందల దగ్గర ఆగి అక్కడ ఖాళీ చుక్క పెట్టించాను. "కంటే తక్కువ అన్నారు కాబట్టి నాలుగువందలు ఈ ముక్కలో లేదు. అందుకే ఖాళీ. రెండో ముక్కలో నాలుగువందలు గానీ అని ఉంది కనుక అక్కడ నిండు చుక్క వస్తుంది. రెండూ ఒకచోటే పడ్డాయి, ఖాళీ నిండిపోయింది," అని చెప్పాను. అందరికీ అర్థమైంది.

తరువాత ఏటవాలు గీత. నూకాలు పట్టిక వేసుకుంది. అయిదువందలకు 22, ఆరువందలకు 24, ఏడువందలకు 26, ఎనిమిదివందలకు 28. గీత తొమ్మిదివందల దాకా లాగి ముప్ఫై ఎత్తున ఖాళీ చుక్క పెట్టింది. తరువాత నలభై అయిదు ఎత్తున అడ్డగీత మొదలుపెట్టింది. అక్కడ పెన్సిలు ఆగిపోయింది.

"మాస్టారూ, తొమ్మిదొందల కాడ సుక్క ఎక్కడ పెట్టాల?"

"పై గీత మొదట్లో నిండు చుక్క పెట్టు. గోడమీద బొమ్మ చూడు, అలాగే ఉంది."

మా గాలి గది గోడమీద పెద్ద గ్రాఫు ఉంది. పదకొండేళ్ళ కిందట నేనే గీశాను. ఊళ్ళో ఎవరికి ఎంత గాలి వస్తుందో చూసుకోవాలంటే ఆ బొమ్మ చూసుకుంటారు. అందులో తొమ్మిదివందల దగ్గర పై గీత మొదట్లో నల్లటి నిండు చుక్క ఉంది.

నూకాలు గోడవైపు చూసింది. చేతిలో కాగితం చూసింది. మళ్ళీ గోడవైపు చూసింది.

"గోడమీద నిండుగుంది సరే. కాయితంలో ఎక్కువైతే అనుంది గానీ తొమ్మిదొందలు గానీ అని నేదు కదండి. అప్పుడది కూడా ఖాళీయే అవాల."

"నువ్వు సరిగ్గా చదవలేదు. ఇలా తే."

కాగితం తీసుకున్నాను. సరిగ్గానే చదివింది. ముద్రణలో తప్పేమో అని మర దగ్గరికెళ్ళి పలకమీద సూత్రం తెరిచాను. అక్కడా అంతే. 'కంటే ఎక్కువ' గుర్తు ఉంది. పక్కన సమానం గుర్తు లేదు.

కింద ముక్కలో తొమ్మిదివందలు లేదు. పై ముక్కలో తొమ్మిదివందలు లేదు. ఎనిమిదివందల తొంభై తొమ్మిదో మెట్టుకు గాలి ఉంది, తొమ్మిదివందల ఒకటో మెట్టుకు ఉంది. సరిగ్గా తొమ్మిదివందలు అని అడిగితే మరకు చెప్పడానికి సమాధానమే లేదు. సమాధానం లేనిచోట అది ఏమీ పంపదు. పలకమీద నేను ఇరవై మూడు రోజులుగా చూస్తున్న ఆ చిన్న గీతకు అర్థం మీటరు లేదని కాదు. ఆ ఇళ్ళ గురించి మరకు ఏమీ తెలియదని అర్థం.

 పెట్టెలోంచి అసలు సూత్రం రాసిన పాత కాగితం తీశాను. నాకు ముందున్న ఇంజనీరు చేతిరాత: "900, ఆపైన: 45." కాగితం సరిగ్గానే ఉంది. ఆ కాగితం చూసి గోడమీద బొమ్మ గీసినప్పుడు నేనూ సరిగ్గానే గీశాను. అదే కాగితం చూసి మరలోకి ఎక్కించినప్పుడు సమానం గుర్తు మీట ఒక్కటి నొక్కలేదు. సూత్రం కింద ఎక్కించిన వాడి పేరు ఉంటుంది. పైడిరాజు అని ఉంది. పదకొండేళ్ళుగా ఆ మెట్టు దగ్గర ఇళ్ళు లేవు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

వెనక్కి తిరిగేసరికి నూకాలు లేచి నిలబడి ఉంది. ఆమెకు నేను చెప్పనక్కర్లేకపోయింది.

"మావోడు ఇంట్లో ఉన్నాడు మాస్టారూ."  "పదకొండుకే తలుపేసీసుకున్నాడు."

గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

మరలో సూత్రం మార్చాలంటే రెండు తాళంచెవులు కావాలి. రెండోది ఊరి అధ్యక్షురాలు శకుంతలగారి దగ్గర ఉంటుంది, నూట ఇరవయ్యో మెట్టు దగ్గర. మిగిలిన ఇద్దరినీ ఆమె దగ్గరికి పరిగెత్తమన్నాను. నేనూ నూకాలూ తడిగుడ్డలు ముఖానికి కట్టుకుని కిందికి దిగాం.

మూత వేళ మెట్లదారిలో నడవడం నిషేధం. ఆ నిబంధన రాసింది కూడా నేనే. గోడలు ముట్టుకుంటే కాలుతున్నాయి. ధూళికి నాలుగు మెట్ల అవతల ఏముందో కనిపించడం లేదు. నూకాలు నాకంటే ముందు దిగుతోంది. ఎక్కడా ఆగలేదు. నేను ఆరువందల దగ్గర ఒకసారి, ఎనిమిదివందల దగ్గర ఒకసారి కూలబడ్డాను. నేను చేరేసరికి ఆమె తన తలుపు సందుల్లోంచి ఉన్ని పట్టీలు గోళ్ళతో పీకుతోంది.

తలుపు తెరుచుకుంది. ఎప్పుడూ మనుషులుండే గదిలో ఉండే వాసన కాదది. సన్నిబాబు చాపమీద బోర్లా పడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇద్దరం చెరో చెయ్యీ పట్టి అరుగు మీదికి ఈడ్చాం. మెట్లదారిలో వేడి ఉంది, ధూళి ఉంది, కానీ గాలి ఉంది. నూకాలు అతని చెంపలు వాయించింది. "లెగరా, లెగు, ఏటీ నిద్దర, లెగు!" అని అరిచింది. చాలాసేపు ఏమీ లేదు. తరువాత అతను దగ్గాడు. వాంతి చేసుకున్నాడు. కళ్ళు తెరిచి, "ఏటే, మూత తీసీసినారా?" అన్నాడు.

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ఒక్క క్షణమే. మళ్ళీ లేచి పక్క తలుపు బాదింది.

పధ్నాలుగు తలుపులు. లోపలివాళ్ళు కొందరు తిట్టారు, వేడి లోపలికొస్తోందని. కొందరు పలకలేదు, పీకి తెరవాల్సి వచ్చింది. ఒక ఇంట్లో తల్లీ కూతురూ గోడకు ఆనుకుని కళ్ళు తెరిచే ఉన్నారు, కానీ పిలిస్తే ఎవరిని పిలుస్తున్నారో వాళ్ళకు తెలియలేదు. పదకొండో తలుపు మరిడమ్మది. ఆమె మంచం తలుపుకు అడ్డంగా ఉంది. తోసుకుని తెరవాల్సి వచ్చింది. ఆమె లేచి కూర్చుంది. నన్ను చూసింది. ఎందుకొచ్చారని అడగలేదు.

ఇరవై తొమ్మిదిమందీ బతికే ఉన్నారు. ముప్ఫయ్యోవాడు అయిదు రోజుల కిందట పోయాడు.

తలుపులు తెరిచే ఉంచమని చెప్పి నేను మళ్ళీ పైకెక్కాను. మూడున్నరకు శకుంతలగారు గాలి గదికి వచ్చారు. ఇద్దరం తాళంచెవులు తిప్పాం. నేను సమానం గుర్తు నొక్కాను. ఒక్క మీట. పలకమీద గీత పోయి 45 వచ్చింది.

227వ రోజు

ఉదయం ఊరి కమిటీ కూర్చుంది. శకుంతలగారు నన్ను ముందే పక్కకు పిలిచారు. ఆమె చెడ్డ మనిషి కాదు. నాలుగువేలమంది ఈ మర మీద నమ్మకంతో తలుపులు వేసుకుని పడుకుంటున్నారన్నది ఆమె భయం.

"మరలో లోపం వచ్చింది, సరిచేశాం అని చెబుదాం పైడిరాజుగారూ. అబద్ధమేమీ కాదు కదా."

"మరకు నేను చెప్పింది అది చేసింది అమ్మా."

"మీరు చేశారని తెలిస్తే రేపట్నుంచి ఎవరూ ఉన్ని పట్టీ కట్టుకోరు. తలుపు తెరిచి పడుకుంటే వేడికి చచ్చేది ఎంతమందో ఆలోచించారా?"

ఆలోచించాను. ఒప్పుకుందామని కూడా అనిపించింది, అది దాచను.  నా పదకొండేళ్ళ పని, ఊళ్ళో నా మర్యాద, అన్నీ ఆ ఒక్క మాటతో నిలబడతాయి.

కానీ సభలోకి వెళ్ళేసరికి నూకాలు ముందు వరసలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఆమె గీసిన గ్రాఫు ఉంది. ఎవరో పెన్ను ఇచ్చి అందులో చుక్క నింపేయమన్నారట, ఇప్పుడు సరైపోయింది కదా అని. నింపలేదు. "నిన్న ఏటుందో అది గీసినాను. రేపటిది రేపు గీస్తాను," అందట.

నేను లేచి జరిగింది చెప్పాను. సూత్రం తప్పు ఎక్కించింది నేను. పలకమీద గీతను ఇరవై మూడు రోజులు చూసి పట్టించుకోనిది నేను. వీరన్న అయిదువందల యాభై మెట్లెక్కి వచ్చి చెబితే సున్నం వాసన అన్నదీ నేనే. గదిలో ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది.

చివరికి ఒకాయన అడిగాడు. "ఇలాంటి ఖాళీలు ఇంకెన్నున్నాయండి?"

 మరలో గాలి సూత్రం ఒక్కటే లేదు. నీళ్ళది ఉంది, దీపాలది ఉంది, మందులది ఉంది. ప్రతి దానిలోనూ ముక్కలున్నాయి. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకులున్నాయి. వాటన్నిటినీ ఎక్కించింది కూడా నేనే.

అన్ని సూత్రాలూ చేత్తో గ్రాఫులు గీసి, ప్రతి అతుకు దగ్గరా ఆగి చూడాలని తీర్మానించారు. గోడమీది బొమ్మ చూసి కాదు, మరలో ఉన్నది చూసి గీయాలి. గీసేది నూకాలు. ఆమె అడిగితే చెప్పడానికి నేను పక్కన ఉంటాను. నా తాళంచెవి తీసుకున్నారు.

సాయంత్రానికి ఆమె నీళ్ళ సూత్రం పూర్తిచేసింది. నాలుగు అతుకులు. మూడు సరిగ్గా ఉన్నాయి. నాలుగోచోట ఒకే మెట్టుకు రెండు నిండు చుక్కలు పడ్డాయి. ఒకే x కు రెండు జవాబులు. ఎవరికీ హాని లేదు, అక్కడ కూడా ఇళ్ళు లేవు. ఆ మెట్టు నంబరు పుస్తకంలో నా పేరుతో సహా రాశాను.

229వ రోజు

మరిడమ్మ ఇంటికి వెళ్ళాను. సభకు ఆమె రాలేదు. ఇంకెవరి నోటనో వినకూడదని నేనే చెప్పడానికి వెళ్ళాను. గుమ్మం బయటే నిలబడి, సూత్రం అనీ మీట అనీ మొదలుపెట్టాను.

"నాకవి తెల్దు," అంది. "గాలి రాలేదు, అంతే కదా?"

"అంతే అమ్మా. నా వల్ల."

"ఆడికి తెలుసు బాబూ." తలుపు పక్కనున్న మంచం చూపించింది. "మీకాడికి ఎల్లొచ్చిన మర్నాడు ఈ మంచం ఇక్కడికి జరిపీనాడు. తలుపు కింద సన్నంగా సందుంది, ఏలు పెడితే ఎచ్చటి గాలి తగులుద్ది అన్నాడు. నన్నిక్కడ పడుకోమన్నాడు. ఆడు ఆ మూల పడుకున్నాడు. నువ్వూ రారా ఇక్కడికి అంటే, ఇద్దరికి సాలదే అన్నాడు."

నేను ఆ మూల చూశాను. చాప చుట్టి నిలబెట్టి ఉంది.

ఏదో అనాలి. క్షమించమనడానికి నోరు తెరిచాను. ఆమె దానికోసం ఎదురుచూస్తున్నట్టు లేదు. అంతలో మెట్లదారిలో పదకొండు గంట మోగింది. మూత వేళ. చుట్టూ తలుపులు ఒక్కొక్కటే పడుతున్నాయి. రెండు మూడు ఇళ్ళ తలుపులు మాత్రం తెరిచే ఉన్నాయి. శకుంతలగారు భయపడిందే జరిగింది.

"నాకూ ఏసుకోడానికి బయ్యంగానే ఉంది," అంది మరిడమ్మ. "లోపలికి రండి. మీరూ ఉండండి తలుపేసినాక."

లోపలికి వెళ్ళాను. నేనే తలుపు వేసి ఉన్ని పట్టీలు బిగించాను. ఆమె మంచం మీద కూర్చుంది. నన్ను కూర్చోమని ఆ మూల చూపించింది. చాప పరుచుకోమంది. పరుచుకుని కూర్చున్నాను.

పైన గొట్టం మూతిలోంచి సన్నగా చప్పుడు వస్తోంది. ఎక్కడో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు. నేను గాలి గదిలో పదకొండేళ్ళుగా వింటున్న చప్పుడే. ఆమె తల పైకెత్తి చాలాసేపు విన్నది.

"ఈ సప్పుడు ఈ ఇంట్లో ఎప్పుడూ ఇన్నేదు," అంది. "ఇల్లంటే ఇలాగుంటాదా బాబూ?"

"అవునమ్మా," అన్నాను.

ఆమె పడుకోలేదు. నేనూ పడుకోలేదు. అయిదు గంటలదాకా ఆ గొట్టం కింద ఎదురెదురుగా కూర్చున్నాం.